శ్లేష్మ పొరలు: శరీరం బయటి ప్రపంచాన్ని తాకే చోటు

ఒంటికి కాపలా అనగానే ఎవరికైనా ముందు చర్మమే గుర్తొస్తుంది. కానీ పెద్దవాళ్ల ఒంటి మీద చర్మమంతా పరిచి కొలిచినా దాదాపు 2 చదరపు మీటర్లే ఉంటుంది. జీర్ణనాళం లోపలి గోడను అలాగే పరిస్తే, దాని ముడతలూ వాటి మీది సన్నటి మొలకలూ కలుపుకుని 30 చదరపు మీటర్ల దాకా వస్తుంది. ఇది టెన్నిస్ కోర్టంత ఉంటుందని చాలా పుస్తకాలు రాస్తూ వచ్చాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు సూక్ష్మదర్శినితో మళ్లీ కొలిచి ఆ లెక్కను బాగా తగ్గించారు. తగ్గించాక కూడా అది చర్మానికి పదిహేను రెట్లు. ముక్కు, గొంతు, శ్వాసనాళాలు, కనురెప్పల లోపలి భాగం, మూత్రమార్గం, జననాంగాలు దీనికి అదనం. వీటన్నిటినీ లోపలి నుంచి కప్పి ఉంచే తడి పొరే శ్లేష్మ పొర.

నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నది రెండు చివర్లా తెరిచిన ఒకే గొట్టం. అందులో ఉన్న ఆహారం, మనం మింగేసినా సరే, నిజానికి ఇంకా శరీరం బయటే ఉంది. పేగు గోడను దాటి రక్తంలో కలిసినప్పుడే అది లోపలికి వచ్చినట్టు. ఊపిరితో పీల్చే గాలి సంగతీ అంతే. బయటి ప్రపంచానికీ శరీరానికీ మధ్య గీత గీయాల్సి వస్తే, అది చర్మం మీద కంటే ఎక్కువగా ఈ పొర మీదే పడుతుంది.

చర్మానికి ఒక సౌకర్యం ఉంది: అది తలుపులు మూసుకుని ఉండగలదు. పైన చచ్చిన కణాలు, వాటి నిండా కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్, మధ్యలో కొవ్వు. నీరు సులభంగా దాటదు, సూక్ష్మజీవులకు దారి దొరకదు. శ్లేష్మ పొరకు ఆ వీలు లేదు. పోషకాలు దాని గుండానే రావాలి, గాలి దాని మీదుగానే తడిసి వెచ్చబడి పోవాలి, మూత్రం పోవాలి, వీర్యకణం రావాలి, బిడ్డ బయటికి రావాలి. పూర్తిగా మూసుకుంటే మనిషి బతకడు. పూర్తిగా తెరిచేస్తే సూక్ష్మజీవులు బతకనివ్వవు. ఈ పొర తడిగా ఉండటం, జిగురు కార్చడం, ఎప్పటికప్పుడు రాలిపోయి మళ్లీ పుట్టడం, కొన్నిటిని చూసి కూడా ఊరుకోవడం, అన్నీ ఆ ఇరకాటానికి శరీరం వెతుక్కున్న జవాబులే. దీనికి వచ్చే జబ్బుల్లో చాలావాటిని కూడా అక్కడి నుంచి చూస్తేనే సరిగ్గా అర్థమవుతాయి.

నిర్మాణం గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. పైన ఉపకళ అనే కణాల వరుస, కింద రక్తనాళాలూ నరాలూ రక్షణ కణాలూ ఉండే మెత్తటి కణజాలం. జీర్ణనాళంలో అయితే ఆ కింద ఇంకో సన్నటి కండర పొర. ఈ ఉపకళ అన్నిచోట్లా ఒకేలా ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. నోట్లో, అన్నవాహికలో రాపిడి ఎక్కువ కాబట్టి అక్కడ కణాలు అనేక వరుసలుగా పేరుకుని మందంగా ఉంటాయి. పేగులో పోషకాలు దాటాలి కాబట్టి ఒకే ఒక్క వరుస. మూత్రాశయంలో సాగి ముడుచుకునే కణాలు. మూత్రాశయం గోడలో జిగురు తయారు చేసే ప్రత్యేక కణాలు మామూలుగా ఉండవు, అయినా దాన్ని కూడా శ్లేష్మ పొరల్లోనే లెక్కేస్తారు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల్లో మాత్రం శ్లేష్మ పొర ఉండదు. ఆక్సిజన్ రక్తంలోకి దాటే ఆ చోట జిగురు అడ్డుపడితే ఊపిరే ఆడదు. అందుకే దుమ్మూ ధూళీ అక్కడి దాకా రాకుండా పై దారిలోనే ఆపాలి.

ఆ ఆపే పని చేసేది శ్లేష్మం. జలుబు చేసినప్పుడు చీమిడి అని, దగ్గినప్పుడు కఫం అని చీదరించుకునే ఈ పదార్థం నిజానికి చాలా నేర్పుగా తయారైన వస్తువు. అందులో 95 శాతం దాకా నీరే. మిగిలిన కొద్ది భాగంలో లవణాలు, కొవ్వులు, రక్షణ ప్రోటీన్లు, అన్నిటికంటే ముఖ్యంగా మ్యూసిన్లు అనే పెద్ద ప్రోటీన్ అణువులు ఉంటాయి. మ్యూసిన్ అణువు నిండా చక్కెర గొలుసులు ఉంటాయి. అవి నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే ఇంత కొంచెం ప్రోటీన్‌తో అంత నీరు జెల్‌గా మారుతుంది. మనిషిలో ఇరవైకి అటూ ఇటూ మ్యూసిన్ జన్యువులు ఉన్నాయి. శ్వాసనాళాల్లో ఒక రకం, పేగుల్లో మరో రకం ఎక్కువగా పని చేస్తాయి. ఈ జెల్ పోషకాల్లాంటి చిన్న అణువులను పోనిస్తుంది, దుమ్మునూ బ్యాక్టీరియానూ పట్టేస్తుంది. చాలా సూక్ష్మజీవులు కణాల మీది చక్కెరలకే అతుక్కుంటాయి. మ్యూసిన్ మీద కూడా అలాంటి చక్కెరలే ఉండటంతో, కణం దాకా వెళ్లకముందే అవి ఇక్కడ చిక్కుకుపోతాయి.

శ్లేష్మం పట్టుకోవడమే కాదు, చంపుతుంది కూడా. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బ్యాక్టీరియాను కరిగించే ఒక ఎంజైమ్ గురించి రాశారు. అది ఆయనకు జలుబు చేసిన మనిషి ముక్కు ద్రవంలో దొరికింది. లైసోజైమ్ అనే ఆ ఎంజైమ్ కన్నీళ్లలోనూ లాలాజలంలోనూ ఉంటుంది. పెన్సిలిన్ కనిపెట్టింది అంతకు ఆరేళ్ల తర్వాత. ఫ్లెమింగ్ పేరు వినగానే అందరూ పెన్సిలిన్‌నే తలుచుకుంటారు గానీ, శరీరం తన సొంత బ్యాక్టీరియా సంహారిని ముక్కులో దాచుకుందన్న ఈ సంగతి దానికేమీ తీసిపోదు.

శ్వాసమార్గంలో జిగురు ఒక్కటే చాలదు. పట్టిన చెత్తను అక్కడే ఉంచితే సూక్ష్మజీవులు అందులోనే పెరుగుతాయి. కాబట్టి అది కదలాలి. శ్వాసనాళం ఉపకళలో చాలా కణాల మీద శైలికలు అనే వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు ఉంటాయి. ఒక్కో కణం మీద దాదాపు 200 శైలికలు, ఒక్కోటి సెకనుకు 10 నుంచి 20 సార్లు కొట్టుకుంటుంది. అన్నీ ఒకేసారి కొట్టుకోవు. గాలికి వరిచేను ఊగినట్టు ఒకదాని వెనుక ఒకటి అలలా వంగుతాయి. వాటి చుట్టూ పలుచటి నీటి పొర, వాటి కొసల మీద జిగురు పొర ఉంటాయి. ఆ జిగురు నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు జరుగుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి పైకి, ముక్కు నుంచి వెనక్కి. గొంతు చేరాక మనకు తెలియకుండానే మింగేస్తాం, మిగతా పని పొట్టలోని ఆమ్లం చూసుకుంటుంది. కఫం మింగితే ప్రమాదమని పిల్లల విషయంలో భయపడే తల్లిదండ్రులు ఉంటారు. ఆరోగ్యవంతులైన మనుషులందరూ రోజంతా చేస్తున్నది అదే.

ఈ ఏర్పాటులో ఎక్కడ తేడా వచ్చినా ఎంత నష్టమో కొన్ని పుట్టుక జబ్బులు చూపిస్తాయి. శైలికలు పుట్టుకతోనే సరిగ్గా కొట్టుకోని పిల్లలకు సైనస్, చెవి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు పదే పదే వస్తాయి. వాళ్లలో దాదాపు సగం మందికి గుండె కుడివైపు ఉండి, లోపలి అవయవాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. సైనస్ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, తిరగబడ్డ అవయవాలు, ఈ మూడూ కలిసి రావడాన్ని 1933లో కార్టజెనర్ అనే వైద్యుడు వివరించారు. ముక్కు కారడానికీ గుండె ఏ వైపు ఉంటుందన్నదానికీ సంబంధమేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. పిండంలో ఎడమ కుడి తేడాను నిర్ణయించేది కూడా శైలికల కదలికే అని తర్వాత తెలిసింది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే మరో పుట్టుక జబ్బులో శైలికలు బాగానే ఉంటాయి, చెడేది శ్లేష్మం. క్లోరైడ్ లవణాన్ని కణం బయటికి పంపే దారి ఒకటి సరిగా పని చేయదు. లవణం కదలకపోతే దాని వెంట నీరూ కదలదు. శ్లేష్మం చిక్కబడి, శైలికలు లాగలేనంత బరువెక్కుతుంది. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్లు పాతుకుపోతాయి, క్లోమం నాళాలు మూసుకుపోయి ఆహారం అరగదు. దీనికి కారణమైన జన్యువు 1989లో దొరికింది. ఆ దారిని మళ్లీ పని చేయించే మందులు ఇప్పుడు ఉన్నాయి. చాలామంది రోగుల్లో అవి ఊపిరితిత్తుల పరిస్థితిని స్పష్టంగా మెరుగుపరిచాయి. ఇంత పెద్ద జబ్బుకు మూలం చివరికి జిగురులో నీరు తగ్గడమే.

పుట్టుకతో వచ్చినవి కాక, చేజేతులా తెచ్చుకునేవి ఉన్నాయి. పొగతాగడం శైలికలను మొద్దుబారుస్తుంది, జిగురు తయారు చేసే కణాలను పెంచుతుంది. అంటే చెత్త పెరిగింది, ఊడ్చేవాళ్లు తగ్గారు. ఇక మిగిలింది దగ్గు ఒక్కటే. పొగతాగేవాళ్లకు ఉదయం లేవగానే వచ్చే దగ్గు అదే. మానేసిన తొలి వారాల్లో కొందరికి దగ్గు పెరుగుతుంది. అది చూసి మానేయడం పడలేదేమో అనుకుంటారు. శైలికలు మళ్లీ పని మొదలుపెట్టి పేరుకున్న కఫాన్ని పైకి తోస్తుండటం దానికి ఒక ముఖ్య కారణం. ఇది తెలియక మళ్లీ సిగరెట్ ముట్టించేవాళ్లను తలుచుకుంటే బాధగా ఉంటుంది. పొడిగాలి కూడా ఇలాంటి నష్టమే చేస్తుంది, మోతాదు తక్కువ. 2019లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధనలో, తేమ తక్కువున్న గాలి పీల్చిన వాటిలో శ్లేష్మం కదలిక మందగించి, ఫ్లూ తీవ్రంగా వచ్చింది.

చీమిడి రంగు గురించి ఒక మాట చెప్పక తప్పదు. పచ్చగా మారగానే యాంటీబయాటిక్ కావాలని డాక్టర్‌ని అడగడం చాలామందికి అలవాటు. ఆ పచ్చదనం బ్యాక్టీరియాది కాదు. పోరాటానికి వచ్చిన తెల్ల రక్తకణాల్లో ఇనుముతో కూడిన ఒక ఎంజైమ్ ఉంటుంది, దాని రంగే పచ్చ. వైరస్ వల్ల వచ్చిన మామూలు జలుబులో కూడా కొన్ని రోజులకు చీమిడి చిక్కబడి పచ్చబడుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. రంగు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. జలుబు పది రోజులు దాటినా తగ్గకపోవడం, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో ముదరడం, ముఖం ఒకవైపు తీవ్రంగా నొప్పి పెట్టడం లాంటివి చూడాలి. ముక్కు దిబ్బడకు వాడే స్ప్రేలతోనూ జాగ్రత్త అవసరం. పొరలోని రక్తనాళాలను కుదించే రకం స్ప్రేని కొద్ది రోజులకు మించి వాడితే, ఆపగానే వాపు మరింత పెరిగి, అది లేనిదే ఊపిరాడని స్థితి వస్తుంది.

పొట్టలోకి వస్తే సమస్య వేరు. అక్కడ శత్రువు శరీరం తయారు చేసిందే. పొట్టలోని ఆమ్లం పీహెచ్ 1, 2 దాకా దిగుతుంది (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరుగుతుంది). మాంసాన్ని జీర్ణం చేసే ఆ రసం పొట్ట గోడను ఎందుకు జీర్ణం చేయదు? గోడ మీద మందంగా పరుచుకున్న శ్లేష్మంలోకి కణాలు బైకార్బొనేట్‌ని వదులుతూ ఉంటాయి. పైనుంచి దిగే ఆమ్లం దారిలోనే విరిగిపోయి, కణాలను చేరేసరికి పీహెచ్ దాదాపు 7కి వస్తుంది. ఈ ఏర్పాటు ఒక్క మిల్లీమీటరు కూడా లేని మందంలో జరుగుతోంది.

దాన్ని పాడు చేసేవాటిలో రెండు ముఖ్యం. ఒకటి నొప్పి మాత్రలు. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించారు. నొప్పినీ వాపునూ పెంచేది ఆ ప్రోస్టాగ్లాండిన్లే, పొట్టలో శ్లేష్మాన్నీ బైకార్బొనేట్‌నూ పుట్టించేదీ అవే. అందుకే కీళ్ల నొప్పులకు నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లకు పొట్టలో పుండ్లు పడి రక్తం పోతుంది. రెండోది హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. పొట్టలో అల్సర్లకు టెన్షన్, కారం, ఎక్కువ ఆమ్లం కారణమని వైద్యులే నమ్మిన కాలంలో, 1982లో ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియాను పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో దాన్ని స్వయంగా తాగి పొట్టలో వాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ బ్యాక్టీరియా ఆమ్లంలో బతికేది యూరియేజ్ అనే ఎంజైమ్ సాయంతో. తన చుట్టూ అమోనియా పుట్టించి ఆమ్లాన్ని విరిచేస్తుంది. అంతేకాదు, పీహెచ్ పెరిగితే పొట్టలోని శ్లేష్మం పలుచబడుతుంది. మన జిగురునే పలుచన చేసుకుని అది అందులో ఈదుకుంటూ గోడ దాకా వెళ్తుంది.

పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా మనతో కాపురం చేస్తున్నాయి. వాటికీ పేగు కణాలకూ మధ్య ఉన్న అడ్డు ఏమిటో 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. అక్కడ శ్లేష్మం రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర చాలా దట్టం, అందులో బ్యాక్టీరియా దాదాపు కనిపించదు. బయటి పొర వదులుగా ఉండి, బ్యాక్టీరియాకు ఇల్లూ తిండీ అవుతుంది. మ్యూసిన్ మీది చక్కెరలను తిని బతికే జాతులు కూడా ఉన్నాయి. సమస్య ఎప్పుడొస్తుందంటే, మనం తినే తిండిలో పీచు తగ్గినప్పుడు. 2016లో వచ్చిన ఎలుకల పరిశోధనలో, పీచు లేని తిండి పెట్టగానే బ్యాక్టీరియా శ్లేష్మాన్నే తినడం మొదలుపెట్టాయి. పొర పలుచబడి, రోగకారక క్రిములు సులువుగా చొరబడ్డాయి. మనుషుల్లో ఇది ఎంత మేరకు వర్తిస్తుందన్నది ఇంకా తేలాల్సిన విషయమే అయినా, పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో ఈ లోపలి పొర దెబ్బతిని ఉండటం కనిపించింది. మలబద్ధకం తగ్గిస్తుందని మాత్రమే పీచును తలుచుకోవడం దానికి తక్కువ విలువ కట్టడమే.

ఈ పొర ఎంత త్వరగా రాలిపోతుందో తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. చిన్నపేగు ఉపకళ మూడు నుంచి అయిదు రోజుల్లో మొత్తం మారిపోతుంది. దెబ్బతిన్న కణాన్ని బాగు చేసుకునే బదులు వదిలేసి కొత్తదాన్ని పుట్టిస్తుంది. నోట్లో పంటి గాటు చర్మం మీది గాయం కంటే త్వరగా, చాలాసార్లు మచ్చ కూడా లేకుండా మానడానికి ఇది ఒక కారణం. కానీ క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ వేగంగా విభజన చెందే కణాలనే కొడుతుంది. దానికి క్యాన్సర్ కణమూ పేగు కణమూ ఒకటే. అందుకే ఆ రోగులకు నోరంతా పూసి, నీళ్లు మింగడమే నరకమవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. పక్కన ఉండి చూసుకునేవాళ్లకు ఈ కారణం ముందే చెబితే సగం భయం తగ్గుతుంది.

విభజన ఎక్కువ ఉన్నచోట దారి తప్పే అవకాశమూ ఎక్కువే. ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నుతుంటే అన్నవాహిక చివర ఉన్న కణాలు పేగు కణాల్లా మారిపోతాయి. పొగతాగేవాళ్ల శ్వాసనాళాల్లో శైలికల కణాల బదులు చర్మంలాంటి చదునైన కణాలు వస్తాయి. మొదట్లో ఇది తట్టుకోవడానికి చేసుకునే సర్దుబాటే, కొందరిలో అది క్యాన్సర్‌కు మొదటి మెట్టు అవుతుంది. విటమిన్ ఏ లోపంలో ఇలాంటి మార్పే ఒళ్లంతా జరుగుతుంది. శ్లేష్మ పొర తడిగా ఉండాలంటే విటమిన్ ఏ ఉండాలి. అది చాలకపోతే కణాలు కెరాటిన్ తయారు చేస్తూ ఎండిపోతాయి. పిల్లల కంట్లో తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు ఏర్పడేది అందుకే. కన్ను పైకి కనిపిస్తుంది, పేగులూ ఊపిరితిత్తులూ కనిపించవు. అక్కడా గోడ బలహీనపడటం వల్లే ఈ లోపం ఉన్న పిల్లల్లో విరేచనాలు, తట్టు ఎక్కువ ప్రాణాలు తీస్తాయి. విటమిన్ ఏ అంటే చూపు ఒక్కటే అన్న అభిప్రాయం ఇంకా బలంగా ఉంది.

స్త్రీ జననాంగాల్లోని పొర వయసుతో, హార్మోన్లతో కలిసి మారుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం యోని కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ఆధారంగా లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉండటంతో చాలా క్రిములు నిలవలేవు. శుభ్రం పేరుతో లోపల సబ్బులూ ద్రావణాలూ వాడటం ఈ మేలు చేసే బ్యాక్టీరియాను పోగొట్టుకోవడమే. నెలసరి ఆగిన తర్వాత పొర పలుచబడి ఎండిపోవడం, మంట, మూత్రంలో ఇన్ఫెక్షన్లు మామూలు. చికిత్స ఉన్నా, సిగ్గుపడి చెప్పుకోనివాళ్లే ఎక్కువ. గర్భాశయ ముఖద్వారంలోని శ్లేష్మం అండం విడుదలయ్యే రోజుల్లో పలుచబడి వీర్యకణాలకు దారిస్తుంది, మిగతా రోజుల్లో చిక్కబడి అడ్డుకుంటుంది. గర్భనిరోధక మాత్రలు పని చేసే తీరులో ఈ చిక్కదనం కూడా ఒక భాగం.

పొర పలుచగా, కింద రక్తనాళాలు దగ్గరగా ఉండటాన్ని వైద్యం కూడా వాడుకుంటుంది. గుండెనొప్పి వచ్చినప్పుడు నైట్రోగ్లిజరిన్ మాత్ర నాలుక కింద పెట్టుకోమనేది అందుకే. మింగితే మందులో ఎక్కువ భాగం కాలేయంలోనే విరిగిపోతుంది. నాలుక కింద కరిగితే కాలేయాన్ని తప్పించుకుని నిమిషాల్లో గుండెకు చేరుతుంది. పొగాకులోని నికోటిన్ కూడా నోటి పొర గుండా ఇంతే సులువుగా రక్తంలోకి వెళ్తుంది.

ఇక మిగిలింది రక్షణ కణాల సంగతి. శ్లేష్మ పొర కింద టాన్సిల్స్ నుంచి చిన్నపేగులోని పేయర్స్ ప్యాచెస్ దాకా ఎన్నో కాపలా స్థావరాలు ఉన్నాయి. ఇక్కడ తయారయ్యే ప్రధాన యాంటీబాడీ ఐజీఏ. శరీరం రోజూ తయారు చేసే యాంటీబాడీల్లో మిగతా రకాలన్నీ కలిపినా దీనంత ఉండవు. ఇది ఉపకళ కణాల గుండా బయటికి వచ్చి శ్లేష్మంలో కాపు కాస్తుంది. క్రిమిని చంపడం కంటే, దాన్ని పట్టుకుని గోడకు అంటకుండా చేయడం దీని పద్ధతి. అందువల్ల వాపు పెద్దగా రాదు. పేగులో కనిపించిన ప్రతి దాని మీదా పోరాటానికి దిగితే తిండి తినడమే జబ్బవుతుంది. సీలియాక్ వ్యాధిలో గోధుమలోని గ్లూటెన్ మీద అదే జరుగుతుంది. పేగు మొలకలు అరిగిపోయి పోషకాలు దాటవు. పుట్టిన బిడ్డ పేగుకు సొంత ఐజీఏ సరిపడా ఉండదు. ముర్రుపాలలో అది సమృద్ధిగా ఉంటుంది. తల్లి పేగులో తయారైన రక్షణ కణాలు పాలగ్రంథులకు చేరి, తల్లి చుట్టూ ఉన్న క్రిములకు సరిపోయే యాంటీబాడీలనే బిడ్డకు అందిస్తాయి. ముర్రుపాలు పిండి పారబోయడం కంటే బిడ్డకు చేసే అన్యాయం ఇంకొకటి ఉండదు.

టీకాల చరిత్రలో ఈ ఐజీఏకి పెద్ద పాత్ర ఉంది. 1955లో వచ్చిన సాల్క్ పోలియో ఇంజెక్షన్ రక్తంలో యాంటీబాడీలు పుట్టించి పక్షవాతాన్ని ఆపుతుంది. అయితే పేగులో వైరస్ పెరగడాన్ని అంతగా ఆపలేదు. 1960ల మొదట్లో వచ్చిన సేబిన్ చుక్కల మందు పేగులోనే పని చేసి అక్కడి పొరను సిద్ధం చేస్తుంది కాబట్టి ఒకరి నుంచి ఒకరికి పాకడాన్ని తుంచగలిగింది. అందులోని బలహీన వైరస్ చాలా అరుదుగా మళ్లీ బలం పుంజుకునే ప్రమాదం ఉంది కాబట్టి, పోలియో పోయిన చాలా దేశాలు ఇంజెక్షన్‌కు మారాయి. కోవిడ్ సమయంలో చేతికి వేసిన టీకాలు తీవ్ర జబ్బును బాగా ఆపినా, ముక్కులో ఇన్ఫెక్షన్‌ను అంత గట్టిగా ఆపలేకపోవడం వెనకా ఈ తేడా ఉంది. ముక్కులో వేసే టీకాల మీద పరిశోధన ఊపందుకున్నది అందుకే. అక్కడ ఎదురయ్యే కష్టాలు కూడా శ్లేష్మ పొర స్వభావం నుంచి వచ్చినవే: ముక్కులో వేసిన టీకాను జిగురు పట్టేస్తుంది, శైలికలు కొన్ని నిమిషాల్లోనే గొంతులోకి తోసేస్తాయి, పొర కింది రక్షణ కణాలు కొత్తదాన్ని చూసి ఊరుకునే అలవాటుతో ఊరుకుంటాయి. టీకా పొరకు కాసేపు అంటుకుని ఉండేలా చేయడం, వాపు తేకుండానే రక్షణ కణాలను మేల్కొలపడం, ఇప్పుడు ప్రయోగశాలల్లో జరుగుతున్న పని చాలావరకు ఈ రెండింటి మీదే.